బూర నోరు మార్చాల్సి వస్తే

మిలిటరీ బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాళ్లను ముందు వరుసలో నిలబెడతారు. అందులో హోదా ఏమీ లేదు. ఆ వాద్యానికి ముందుకీ వెనక్కీ జరిగే పొడవాటి జారుగొట్టం ఉంటుంది. వెనక వరుసలో ఉంటే అది ముందున్నవాడి వీపుకు తగులుతుంది. మన పెళ్లి బ్యాండ్లు కూడా ఆ మిలిటరీ బ్యాండ్లున్న కంటోన్మెంట్ల వారసత్వమే. ఎర్ర కోటు, భుజాల మీద జరీ, తల మీద టోపీ అక్కడినుంచే వచ్చాయి. ఇత్తడి వాద్యాలకు దేశంలో పెద్ద అంగడి ఇప్పటికీ మీరట్ కంటోన్మెంటు ఊరే. అక్కడి జాలీకోఠీ వీధిలో వరసగా బ్యాండు సామాను దుకాణాలుంటాయి. బ్యాండు వాద్యాలు చేసే నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది ఆ ఊళ్లోనే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే ఈ ఇత్తడి బ్యాండు ఒక పక్క, నాదస్వరం డోలు మరో పక్క, జాతరైతే ఉరుము వాద్యాలు కూడా వినిపిస్తాయి. ఒక ఊరి మేళం అయిపోగానే ఇంకో ఊరికి పరుగు. వ్యానులో పెద్ద డ్రమ్ము కింద ట్రాంబోన్ ఇరుక్కుంటే నలిగేది దాని నోరే. వాద్యకారులు దాన్ని బెల్లు అంటారు, మనమూ అలాగే అందాం. సొట్ట పడితే లోపల ఉక్కు గుండు పెట్టి, బయటినుంచి మెల్లగా రుద్ది తీయవచ్చు. కానీ ఇత్తడిని కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడినకొద్దీ పెళుసవుతుంది. నాలుగైదుసార్లు ఒకే చోట సొట్ట తీస్తే సన్నని బీట కనబడుతుంది. ఇక బెల్లు మార్చక తప్పదు. ఏ బెల్లు పెట్టాలి, దేన్ని చూసి ఎంచుకోవాలి అన్నదే ఈ అధ్యాయం.

ధనిక దేశాల్లో ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అమెరికాలో ఎడ్వర్డ్స్, షైర్స్, ఇంగ్లండులో రాత్ వంటి కంపెనీలు ట్రాంబోన్‌ను విడి భాగాలుగా అమ్ముతాయి. బెల్లు వేరు, శ్రుతి సరిచేసే వంపు గొట్టం వేరు, జారుగొట్టం వేరు, మౌత్‌పీసు తరవాత దూర్చే చిన్న గొట్టం కూడా వేరు. ఒక్కోదానికి పది రకాలు. నచ్చినవి ఏరుకుని బిగించుకోవచ్చు. చివరికి లక్షల్లో తేలుతుంది. మీరట్ బూరతో బతుకుతున్న వాద్యకారుడికి అంత స్తోమత ఉండదు. అయినా పాత బూర నోరు తీసి ఇంకో బూర మెడకు టాంకం వేయించినప్పుడు అతను చేస్తున్నదీ అదే పని. తేడా అల్లా కేటలాగు లేకపోవడమే.

నిజానికి నోరు ఊడదీసి మార్చుకునే వాద్యం మనకు కొత్తేమీ కాదు. నాదస్వరాన్ని దగ్గరగా చూడండి. పై కొసన పీక, దాని కింద పొడవాటి కర్ర గొట్టం, అడుగున విచ్చుకున్న నోరు. ఆ నోటిని అణసు అంటారు. గొట్టం ఒక చెక్క, అణసు ఇంకో చెక్క. తమిళనాడులో కుంభకోణం దగ్గరి నరసింగంపేట ఈ పనికి ప్రసిద్ధి. అక్కడ గొట్టానికి ఆచ్చా చెక్క వాడతారు. అదీ పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే, దశాబ్దాలుగా ఎండిన దూలాల్లోంచి తీసినది. అణసుకు దిరిసెన చెక్క. ఆచ్చా అంటే మన నారేపి చెట్టే. అనంతపురం, కడప, కర్నూలు మెట్ట అడవుల్లో, వానలు అంతంతమాత్రంగా పడే గుట్టల మీద ఎదుగుతుంది. దాని చేవ నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. పెనుకొండ వైపు మంగళవాద్యంలో మోగే చెక్క, ఆ గుట్టల మీది చెట్టు ఒకే జాతివి. అయినా వాద్యం మాత్రం కావేరి ఒడ్డునుంచి రావాలి. ఇది నాకెప్పుడూ కొంచెం వింతగానే ఉంటుంది.

అయితే నాదస్వరం అణసుకూ ట్రాంబోన్ బెల్లుకూ పోలిక రూపంలోనే, పనిలో కాదు. ఇక్కడే చాలామంది తడబడతారు. నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు. వాటి కింద మరో అయిదు ఉంటాయి. వాటిని మైనంతో మూస్తూ తెరుస్తూ నాదాన్ని సవరించుకుంటారు. పై రంధ్రాలు తెరిచి ఒక స్వరం వాయించినప్పుడు ధ్వనిలో పెద్ద భాగం ఆ తెరిచిన రంధ్రాల్లోంచే బయటపడుతుంది. అణసు దాకా చేరేది కొంతే. రంధ్రాలన్నీ మూసిన కింది స్వరంలోనే దాని ప్రతాపం పూర్తిగా తెలుస్తుంది. ట్రాంబోన్‌కు రంధ్రాలే లేవు. ఊదిన ప్రతి స్వరమూ, మంద్రమైనా తారమైనా, ఆ ఒక్క నోటిలోంచే రావాలి. కనుక నాదస్వరంలో అణసు మారిస్తే కొన్ని స్వరాల తీరు మారుతుంది. ట్రాంబోన్ బెల్లు మారిస్తే వాద్యమే మారిపోతుంది.

ఎందుకు మారుతుందో తెలియాలంటే లోపల గాలి ఏం చేస్తోందో చూడాలి.

మామూలు టెనర్ ట్రాంబోన్ గొట్టాన్ని వంపులు తీసి సాగదీస్తే సుమారు 2.7 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. అందులో సగానికి పైగా ఒకే లావు. ఒక చివర పెదవులతో మూసుకున్నట్టుండి, రెండో చివర తెరుచుకున్న ఒకే లావు గొట్టంలో స్వరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో మాత్రమే పలుకుతాయి. ఆ వరసతో పాట వాయించడం కుదరదు. దాన్ని 2, 3, 4, 5 అనే ఇంపైన వరసలోకి తెచ్చేవి రెండు చివరలా ఉన్న బెల్లూ, మౌత్‌పీసూ.

బెల్లు ఈ పని ఎలా చేస్తుంది? పెదవుల దగ్గర పుట్టిన ధ్వని తరంగం గొట్టం వెంట పరుగెత్తి బెల్లు దగ్గరికి వస్తుంది. అక్కడ గొట్టం విచ్చుకుంటోంది. తరంగం పొడవు ఎక్కువైతే, అంటే మంద్రస్వరమైతే, విచ్చుకోవడం మొదలైన కొద్ది దూరంలోనే అది వెనక్కి తిరుగుతుంది. తరంగం పొట్టిదైతే ఇంకా ముందుకు, అంచుకు దగ్గరగా వెళ్లి తిరుగుతుంది. అంటే ఒకే బూర మంద్రస్వరాలకు కురచగానూ, పై స్వరాలకు పొడవుగానూ ఉంటుంది. గొట్టం కురచయితే స్వరం హెచ్చుతుంది కనుక కింది స్వరాలు పైకి జరుగుతాయి. మౌత్‌పీసు పై స్వరాలను కాస్త కిందికి లాగుతుంది. రెండూ కలిస్తే వరస సర్దుకుంటుంది. ఈ లెక్కను అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ 1976లో అచ్చయిన తన సంగీత ధ్వనిశాస్త్ర గ్రంథంలో చక్కగా విప్పి చెప్పాడు. బెల్లు ఏ చోట ఎంత వేగంగా విచ్చుకుంటోంది అన్నదాన్ని బట్టి ప్రతి స్వరానికీ ఒక మలుపు చోటు ఉంటుంది. ఆ వంపును రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ చేస్తే కొన్ని స్వరాలు శ్రుతిలో కూర్చుంటాయి, కొన్ని జారతాయి.

తిరిగి వచ్చే ధ్వని వృథా కాదు. పెదవులను లయలో పెట్టేది అదే. ఊదిన ధ్వని అంతా బయటికి పోతే పెదవులకు ఆధారం దొరకదు, స్వరం నిలబడదు. అలాగని అంతా వెనక్కే వస్తే వీధిలో ఎవరికీ వినపడదు. బెల్లు ఈ రెంటి మధ్య పంపకం చేస్తుంది. సుమారు 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక సరిహద్దు ఉంటుంది. అంతకంటే కిందివి ఎక్కువగా వెనక్కి తిరుగుతాయి, పైవి ఎక్కువగా బయటికి పోతాయి. బయట మనం వినే ట్రాంబోన్ తళుకంతా ఈ పై భాగానిదే.

గట్టిగా ఊదినప్పుడు ఇంకో చిత్రం జరుగుతుంది. పీడనం ఎక్కువగా ఉన్న శిఖరం, పీడనం తక్కువగా ఉన్న లోయకంటే కొంచెం వేగంగా ప్రయాణిస్తుంది. పొడవాటి సమాన గొట్టంలో వెళ్తూ వెళ్తూ తరంగం ముందు భాగం నిట్టనిలువుగా తయారవుతుంది. 1996లో హిర్ష్‌బర్గ్, గిల్బర్ట్ బృందం కొలిచి చూసి, ట్రాంబోన్ బాగా గట్టిగా ఊదితే లోపల నిజమైన ఘాత తరంగం పుడుతుందని చూపించారు. ధ్వని వేగాన్ని మించిన విమానాల దగ్గర పుట్టే జాతి తరంగమే అది. ఊరేగింపు పెళ్లికూతురి వాకిట్లోకి రాగానే చెవిలో గీసినట్టు వచ్చే ఆ ఇత్తడి ఘోష దానిదే. ఈ ఘోషకు ముఖ్యమైనవి గొట్టం సన్నదనం, సమానంగా ఉన్న భాగం పొడవు. లోహం ఏదన్నది కాదు.

ఇక లోహం సంగతికి వద్దాం. కొనేవాళ్లు మొదట అడిగేది ఇదే. కేటలాగుల్లో మూడు రకాల ఇత్తడి కనిపిస్తుంది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిస్తే పసుపు ఇత్తడి. 85కి 15 అయితే కాస్త ఎర్రన. 90కి 10 అయితే గులాబీ ఛాయ. రాగి పెరిగేకొద్దీ నాదం మెత్తబడుతుందని, వెచ్చగా ఉంటుందని రాస్తారు. రాసేది అమ్మేవాళ్లే.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. బ్రిటన్‌లో వాద్యాలు తయారుచేసే రిచర్డ్ స్మిత్ ఒకే వంపుతో, రేకు మందం మాత్రం 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా వేరువేరుగా ఉన్న ట్రాంబోన్ బెల్లులు చేయించి, వృత్తి వాద్యకారుల చేతికిచ్చాడు. తాము ఏ బెల్లు వాయిస్తున్నామో వాళ్లకు తెలియకుండా ఏర్పాటు చేశాడు. ఎవరూ నిలకడగా గుర్తుపట్టలేకపోయారు. పిల్లనగ్రోవి మీద జాన్ కోల్ట్‌మన్ 1971లో ఇలాంటి పరీక్షే చేశాడు. వెండి, రాగి, చెక్క గొట్టాలు మార్చి వాయించినా తెర వెనక ఉన్నవాళ్లకు తేడా తెలియలేదు.

అలాగని బెల్లు రేకు కంపించడమే లేదనుకోకూడదు. వేలు పెట్టి చూస్తే బెల్లు అంచు జివ్వుమంటుంది. 2010లో వియన్నా, ఫ్లోరిడా పరిశోధకులు కలిసి ఒక ట్రంపెట్ బెల్లును కంపించకుండా అదిమిపెట్టి, తరవాత వదిలేసి కొలిచారు. తేడా కనిపించింది. అదీ గొట్టం విచ్చుకునే భాగంలోనే ఎక్కువ. సమాన గొట్టంలో దాదాపు లేదు. అంటే లోహం ప్రభావం సున్నా కాదు, చిన్నది. వంపు ప్రభావంతో పోలిస్తే బాగా చిన్నది.

మరి వాద్యకారులు ఇంత నమ్మకంగా రాగి బెల్లుకూ పసుపు బెల్లుకూ తేడా ఉందంటారే, అది భ్రమేనా? పూర్తిగా భ్రమ అని నేను అనను. ఒకే అచ్చు మీద రెండు లోహాలు కొడితే, అచ్చు తీశాక రెండూ ఒకేలా వెనక్కి సాగవు. మెత్తటిది ఒకలా, గట్టిది ఇంకోలా నిలుస్తుంది. కనుక లోహం మారినప్పుడు వంపు కూడా వెంట్రుకవాసి మారే అవకాశం ఉంది. విన్న తేడా నిజమే అయినా, కారణం అనుకున్నది కాకపోవచ్చు. పైగా ట్రాంబోన్ వాద్యకారుడి చెవి బెల్లుకు జానెడు దూరంలో, వెనకవైపున ఉంటుంది. ఎడమచేతి వేళ్లలో కంపం తెలుస్తూనే ఉంటుంది. అతని అనుభవం అతనిది. ఇరవై గజాల దూరంలో అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు ఆ కంపం చేరదు.

లోహం విషయంలో నిజంగా పట్టించుకోవాల్సింది మన్నిక. 70-30 ఇత్తడికి ఒక పాత కథ ఉంది. తుపాకీ తూటాల తొడుగులు చేసేదీ దీంతోనే. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలు వానాకాలంలో తమంతట తామే పగిలేవి. కారణం తెలిసింది 1921లో. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, వత్తిడిలో ఉన్న ఇత్తడిని కణాల మధ్య అతుకుల వెంట చీలుస్తుంది. అదే ఇత్తడితో చేసిన, సుత్తి దెబ్బలతో వత్తిడి నిండిన పాత బెల్లును పశువుల కొట్టం పక్కన దూలానికి వేలాడదీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రాగి ఎక్కువున్న మిశ్రమాలకు ఈ బెడద తక్కువ. గులాబీ ఇత్తడి కొనడానికి నాకు తోచిన గట్టి కారణం ఇదొక్కటే. నాదం కోసమైతే కాదు.

కొలతల్లో మొదట చూడాల్సింది నోటి వెడల్పు. సింఫనీ వాళ్లు వాడే పెద్ద గొట్టం ట్రాంబోన్‌కు బెల్లు సాధారణంగా 8.5 అంగుళాలు, గొట్టం లోపలి కొలత 0.547 అంగుళాలు. జాజ్ వాళ్ల చిన్న ట్రాంబోన్‌కు 7.5 నుంచి 8 అంగుళాలు, గొట్టం అర అంగుళం. పెద్ద నోరు నాదాన్ని గుండ్రంగా, నిండుగా చేస్తుంది. చిన్న నోరు కోసుకుంటూ పోతుంది. ఎవరికి ఏది? ఇక్కడ వీధిని లెక్కలోకి తీసుకోవాలి. పైకప్పు ఉన్న హాల్లో గోడలు ధ్వనిని తిరిగి ఇస్తాయి. ధర్మవరంలో మగ్గాల చప్పుడు వినపడే ఇరుకు సందులో గోడలు కొంత ఇస్తాయి. హిందూపురం బయట మైదానంలో ఏమీ ఇవ్వవు. ఒకసారి పోయిన ధ్వని పోయినట్టే. పక్కన సైడ్‌డ్రమ్ములు, వెనక జనరేటరు, ముందు టపాకాయలు. అలాంటి చోట మంద్రపు నిండుదనం గాల్లో కలిసిపోతుంది. వినపడేది 700 హెర్ట్జ్‌కు పై భాగపు తళుకే. మన వీధి బ్యాండుకు ఎనిమిది అంగుళాల లోపు బెల్లే నయమని నా లెక్క. పాశ్చాత్య కేటలాగు చూసి పెద్ద బెల్లు తెప్పించుకుంటే దమ్ము ఖర్చే తప్ప ఫలితం తక్కువ.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ తళుకు సూటిగా ముందుకే పోతుంది. ధ్వని తరంగం పొడవు బెల్లు చుట్టుకొలత కంటే తక్కువైనప్పుడు అది పక్కలకు విచ్చుకోదు. 8.5 అంగుళాల బెల్లు చుట్టుకొలత సుమారు 68 సెంటీమీటర్లు. ఆ పొడవు తరంగం 500 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అక్కడినుంచి పైకి పోయేకొద్దీ ధ్వని టార్చిలైటు వెలుగులా సన్నబడుతుంది. ట్రాంబోన్ ఎదురుగా ఉన్న పెళ్లికొడుకు గుర్రం బెదరడానికీ, పక్క ఇంటి మేడ మీది వాళ్లకు అది మందంగా వినపడడానికీ ఇదే కారణం.

తరవాతది అతుకు. కొత్త బెల్లు తోక లావు, పాత గొట్టం మెడ లావుతో కలవాలి. విడిభాగాల కంపెనీల మధ్య కూడా ఒకరి బెల్లు ఇంకొకరి గొట్టానికి కుదురుతుందన్న హామీ లేదు. లోపల మెట్టులా ఎత్తుపల్లం మిగిలితే తరంగం అక్కడ కూడా కొంత వెనక్కి తిరిగి, ఒకటి రెండు స్వరాలు మొరాయిస్తాయి. టాంకం వేసేవాడి చేతిలో అద్దం, సన్నటి దీపం ఉండాలి. లోపలికి కారిన టాంకం గోకి తీయాలి. రెండోది, బిగించేటప్పుడు లాగి పట్టకూడదు. లాగి బిగించిన అతుకులో వత్తిడి నిలిచిపోతుంది. పైన చెప్పిన తూటా గతి దానికీ పడుతుంది.

పొడవు తేడా వస్తే కంగారు అక్కర్లేదు. మొత్తం గాలి స్తంభం ఒక సెంటీమీటరు పెరిగితే శ్రుతి తగ్గేది, ఒక అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు. శ్రుతి గొట్టాన్ని అర సెంటీమీటరు లోపలికి తోస్తే సరిపోతుంది, దానికి రెండు కాళ్లు కనుక. జారుగొట్టంలో ఒక స్థానం నుంచి పక్క స్థానానికి కనీసం ఎనిమిది సెంటీమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి చేతికి ఇది తెలియను కూడా తెలియదు. ఎండ చేసేది అంతకంటే ఎక్కువ. నీడలో 25 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన బూరలోని గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే ధ్వని వేగం పెరిగి శ్రుతి నలభై భాగాలకు పైగా లేస్తుంది. ఊపిరి వేడి ముందే గొట్టంలో ఉంటుంది కాబట్టి నిజంగా లేచేది ఇంత ఉండదు, కానీ దిశ అదే. ఎండకు ఇత్తడి సాగి శ్రుతి దిగుతుందని కొందరంటారు. అదే 15 డిగ్రీలకు 2.7 మీటర్ల ఇత్తడి సాగేది మిల్లీమీటరు కూడా ఉండదు. దిగేది అర భాగం. గాలి ముందు లోహం లెక్కలోకే రాదు. కొత్త బెల్లును మే నెల మిట్టమధ్యాహ్నం పరీక్షించి శ్రుతి బాగాలేదని తిప్పి పంపడం అన్యాయం.

పరీక్ష ఎలా? దుకాణంలో నాలుగు గోడల మధ్య ఊది, బాగుంది అనుకుని డబ్బు కట్టేయడం మామూలు. దాంతో తెలిసేది తక్కువ. ఆరుబయట, వాయించేవాడికి ఏ బెల్లు బిగించారో తెలియకుండా వేరొకరు మార్చాలి. మౌత్‌పీసు ఒకటే ఉండాలి. వినేవాళ్లు ఒకరు ఎదురుగా, ఒకరు పక్కన, ఇద్దరూ ఇరవై ముప్ఫై గజాల దూరంలో నిలబడాలి. మెల్లగా, నడిమిగా, గట్టిగా మూడు రకాలుగా ఊదించాలి. మెల్లగా ఊదినప్పుడు స్వరం తడబడకుండా పుడుతోందా అన్నది వాయించేవాడు చెప్పాలి, ఆ మాట అతనికే తెలుసు. గట్టిగా ఊదినప్పుడు ఎంత చేరుతోందన్నది దూరాన ఉన్నవాళ్లు చెప్పాలి. అక్కడ వాయించేవాడి మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు. ప్రతి బెల్లూ కనీసం రెండుసార్లు రావాలి. ఒకే బెల్లుకు ఒకసారి బాగుందనీ, ఇంకోసారి బాగాలేదనీ వస్తే అది బెల్లు గుణం కాదు.

అంచు చూడడం మరచిపోకండి. బెల్లు అంచున రేకును ఒక తీగ మీదికి మడుస్తారు. ఆ తీగ కింద కొందరు టాంకం పోస్తారు, కొందరు వదిలేస్తారు. వదిలేసిన అంచుకు మడత సరిగ్గా బిగియకపోతే కొన్ని స్వరాల దగ్గర గిర్రుమంటుంది. గోటితో అంచు చుట్టూ తట్టుకుంటూ రండి. ఒక చోట చప్పుడు చచ్చినట్టు మారితే అక్కడ తీగ వదులైంది.

పాత బెల్లు పారేయకముందు ఒక చిన్న పని. గట్టి అట్టను దాని లోపలి వంపుకు సరిపడేలా కత్తిరించి, అంచు నుంచి లోపలికి రెండేసి సెంటీమీటర్లకు గీతలు పెట్టి, ఒక్కో గీత దగ్గర వెడల్పు రాసుకోండి. నలిగినా సరే, నలగని పక్కన కొలవవచ్చు. కొత్త బెల్లు తెచ్చేటప్పుడు ఆ అట్ట జేబులో ఉండాలి. బెల్లులో దూర్చి చూస్తే అంచు దగ్గర రెండు మిల్లీమీటర్ల సందు కనిపించినా పరవాలేదు. మెడ దగ్గర, గొట్టం అప్పుడప్పుడే విచ్చుకోవడం మొదలయ్యే చోట అంత సందు కనిపిస్తే మాత్రం, ధర ఎంత చౌక అయినా, ఆ బెల్లు వద్దు.